గిటారుకు గొంతునిచ్చే పెట్టె
బ్యాటరీ ఏంప్లిఫయరును ఎంచుకోవడం ఎలా?

గిటారు తీగను మీటితే స్వరం పుడుతుంది. మరి ఆ స్వరం ఎంత దూరం పోతుంది? గదిలో కూర్చుని వాయిస్తే మూలమూలకూ వినిపిస్తుంది. అదే గిటారును బడి ఆవరణలోకి తెచ్చి వాయించండి. నాలుగో వరసలో కూర్చున్నవాళ్ళకు వేళ్ళు కదలడం కనిపిస్తుందే తప్ప పాట వినిపించదు. గదిలో గోడలు ధ్వనిని తిప్పి పంపుతాయి. ఆరుబయట ఆ సాయం ఉండదు. పుట్టిన ధ్వని అన్ని దిక్కులకూ పోయి పలచబడిపోతుంది.

పల్నాడులో ఆరుబయట పాటా, కథా కొత్త కాదు. కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్యతో మొదలయ్యే వీరారాధన ఉత్సవాల్లో పల్నాటి వీరుల కథలు పాడతారు. బుర్రకథకు ఎంతో పేరు తెచ్చిన షేక్ నాజర్ (1920–1997) పుట్టింది గుంటూరు జిల్లా పొన్నెకల్లులో. పల్నాటి యుద్ధం ఆయన చెప్పిన కథల్లో ఒకటి. సాధన చేసిన కథకుడి గొంతు చాలా దూరం పోతుంది. డప్పు శబ్దమూ అంతే. తీగ సంగతి మాత్రం వేరు. సన్నని తీగ ఎంత ఊగినా తన పక్కనున్న గాలిని కొంచెమే కదిలించగలదు. అందుకే తీగవాద్యానికి ఏంప్లిఫయరు తోడు కావాలి.

ఇప్పుడు ఒక సందర్భం ఊహించుకుందాం. సత్తెనపల్లి నుంచి పిడుగురాళ్ళకు వెళ్ళే దారిలో రాజుపాలెం ఉంది. అక్కడి హైస్కూలు పిల్లలు కొందరు ఆగస్టు 15న బడి ఆవరణలో పాటల కార్యక్రమం పెట్టుకున్నారు. ఒకరు గిటారు వాయిస్తారు, ఒకరు పాడతారు. వినేవాళ్ళు రెండు వందల మంది. చివరి వరస 16 మీటర్ల దూరంలో ఉంటుంది. అది వానల నెల. తడి నేల మీద కరెంటు తీగలు లాగడం ప్రమాదం. గాలివాన వస్తే కరెంటు పోవచ్చు కూడా. అందుకని బ్యాటరీతో నడిచే ఏంప్లిఫయరు కొనాలనుకున్నారు. అందరూ తలా కొంచెం వేసుకుని కూడబెట్టిన డబ్బు ఒక్కసారి కొనడానికే సరిపోతుంది. తప్పుడు పెట్టె కొంటే డబ్బూ పోతుంది, పాటా పోతుంది. వాళ్ళు ఏది కొనాలి?

ఈ ప్రశ్నకు జవాబు దుకాణంలో దొరకదు. మీ భౌతికశాస్త్రం పుస్తకంలో దొరుకుతుంది!

పెట్టె లోపల ఏం జరుగుతుంది?

ఎలక్ట్రిక్ గిటారులో తీగల కింద పికప్పు అనే చిన్న పరికరం ఉంటుంది. అయస్కాంతాల చుట్టూ అతి సన్నని రాగితీగను కొన్ని వేల చుట్లు చుట్టి దీనిని తయారుచేస్తారు. పైన ఉక్కుతీగ కంపించినప్పుడల్లా అయస్కాంత క్షేత్రం మారుతుంది. ఆ మార్పు వల్ల రాగిచుట్టలో వోల్టేజి పుడుతుంది. మైకేల్ ఫారడే 1831లో కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణ అంటే ఇదే. నాగార్జునసాగర్ జలవిద్యుత్ కేంద్రంలో పెద్ద పెద్ద జనరేటర్లు తిరిగేదీ, మీ గిటారు పలికేదీ ఒకే సూత్రం మీద అన్నమాట.

తీగలు నైలానువైతే ఈ పికప్పు పలకదు. నైలాను అయస్కాంత క్షేత్రాన్ని కదిలించలేదు కదా! అటువంటి గిటారుకు పీజో పికప్పు వాడతారు. కొన్ని స్ఫటికాలను నొక్కితే వోల్టేజి పుడుతుందని 1880లో పియరీ క్యూరీ, ఆయన అన్న జాక్ క్యూరీ కనిపెట్టారు. గిటారు పలక అదురుకు ఆ స్ఫటికం నలిగి వోల్టేజినిస్తుంది.

ఏ పికప్పైనా ఇచ్చేది చాలా స్వల్పం, వందో రెండు వందలో మిల్లీవోల్టులు. దానితో స్పీకరు కదలదు. ఇక్కడే ఏంప్లిఫయరు రంగంలోకి దిగుతుంది. ఏంప్లిఫయరు ధ్వనిని పెంచుతుందని మనం అంటాం. నిజానికి అది కొత్తగా దేనినీ సృష్టించదు. సాగర్ కాలువ మీద తూమును చూసే ఉంటారు. ఒక మనిషి చక్రం తిప్పితే తలుపు లేచి ఎకరాలకు ఎకరాలు తడుస్తాయి. ఆ నీరు మనిషి చేతిలోంచి వచ్చిందా? కాదు, జలాశయంలోంచి వచ్చింది. చెయ్యి తలుపును మాత్రమే కదిలించింది. ఏంప్లిఫయరులో పికప్పు వోల్టేజి ఆ చెయ్యి. ట్రాన్సిస్టరు తూము తలుపు. బ్యాటరీ జలాశయం. చెయ్యి ఎలా ఆడితే ప్రవాహం అలాగే ఆడుతుంది. స్పీకరును ఊపే శక్తి మాత్రం అంతా బ్యాటరీదే.

ఈ ఒక్క సంగతి మరిచిపోకండి. ఏ పెట్టె అయినా తన బ్యాటరీలో ఉన్నదానికన్న ఎక్కువ శక్తిని ఇవ్వలేదు. ఏంప్లిఫయరును ఎంచుకోవడమంటే ఈ జమాఖర్చు చూసుకోవడమే.

మాండొలిన్ నేర్పిన పాఠం

తీగవాద్యానికి విద్యుత్తు తోడైతే ఏం జరుగుతుందో ఒక తెలుగు పిల్లవాడు లోకానికి చూపించాడు. ఉప్పలపు శ్రీనివాస్ 1969లో పాలకొల్లులో పుట్టాడు. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవంలో మాండొలిన్ మీద కర్ణాటక సంగీత కచేరీ చేశాడు. అప్పటికి ఆయన వయసు తొమ్మిదేళ్ళు. మామూలు మాండొలిన్‌పై స్వరం పుట్టిన వెంటనే అణిగిపోతుంది. గమకం పలకాలంటే స్వరం కాసేపు నిలవాలి. ఆయన నాలుగు జంట తీగల వాద్యానికి బదులు ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్‌ను వాయించాడు. 2014లో కన్నుమూసేదాకా ఆ వాద్యమే ఆయన ఇంటిపేరయింది.

స్వరం నిలవడానికి కారణమేమిటి? డొల్ల వాద్యంలో తీగ తన శక్తిని పలకకు త్వరగా ఇచ్చేస్తుంది. పలక గాలిని ఊపుతుంది, తీగ చప్పబడుతుంది. గట్టి చెక్కతో చేసిన ఎలక్ట్రిక్ వాద్యంలో తీగ తన శక్తిని దాచుకుని ఎక్కువసేపు కంపిస్తుంది. గాలిని ఊపే పనిని ఏంప్లిఫయరు తీసుకుంటుంది. అంటే ఏంప్లిఫయరు శబ్దం పెంచే పెట్టె మాత్రమే కాదు, వాద్యంలో ఒక భాగం. అది బాగా లేకపోతే వాద్యమే బాగా లేనట్టు.

వాట్ల మాయ

దుకాణానికి వెళితే ముందు కనిపించేది వాట్ల అంకె. 10 వాట్ల పెట్టె కన్న 20 వాట్ల పెట్టె రెండింతలు గట్టిగా పలుకుతుందని అందరూ అనుకుంటారు. అది నిజం కాదు. మన చెవి శక్తిని కూడికలతో కాదు, హెచ్చవేతలతో కొలుస్తుంది. శక్తి రెట్టింపయితే ధ్వని తీవ్రత 3 డెసిబెల్స్ మాత్రమే పెరుగుతుంది. ‘కొంచెం పెరిగింది’ అని చెవికి తెలుస్తుంది, అంతే. ధ్వని రెండింతలయిందని మనకు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి. దానికి శక్తి పదింతలు కావాలి! 10 వాట్లకు రెండింతలుగా వినిపించేది 20 వాట్లు కాదు, 100 వాట్లు.

వాట్ల కన్న ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. అది స్పీకరు సామర్థ్యం. స్పీకరుకు 1 వాటు ఇచ్చి 1 మీటరు దూరంలో కొలిస్తే వచ్చే డెసిబెల్స్‌ను దాని సున్నితత్వం అంటారు. ఒక స్పీకరు 85 ఇస్తే మరొకటి 91 ఇవ్వవచ్చు. తేడా 6 డెసిబెల్సే కదా అనకండి. శక్తి రెట్టింపుకు 3 చొప్పున, 6 డెసిబెల్స్ అంటే నాలుగింతలు! రెండో స్పీకరుతో 20 వాట్లు చేసే పనికి మొదటి దానితో 80 వాట్లు కావాలి. మంచి స్పీకరులో కూడా విద్యుత్తులో నూటికి ఒక వంతు అటూ ఇటూగా మాత్రమే ధ్వనిగా మారుతుంది. మిగతాదంతా వేడి. కనుక స్పీకరు ఏ కొంచెం మెరుగైనా బ్యాటరీకి ఎంతో మేలు.

ఇక కొన్ని పెట్టెల మీద ‘1000 వాట్లు పి.ఎం.పి.ఓ.’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. లోపల 37 వాట్-గంటల బ్యాటరీ ఉందనుకుందాం. అది నిజంగా 1000 వాట్లు ఇస్తే ఎంతసేపు ఇస్తుంది? 37ను 1000తో భాగించండి. గంటలో 0.037 వంతు, అంటే రెండు నిమిషాల పైచిలుకు! 3.7 వోల్టుల బ్యాటరీలోంచి 1000 వాట్లు రావాలంటే 270 ఏంపియర్ల కరెంటు లాగాలి. మోటారు కారు ఇంజనును తిప్పి లేపేంత కరెంటది! ఆ చిన్న పెట్టెలోని సన్నని తీగలు దానిని మోయగలవా? పేరు గొప్ప, ఊరు దిబ్బ. ‘ఆర్.ఎం.ఎస్.’ అని రాసి ఉన్న వాట్లనే లెక్కలోకి తీసుకోండి.

దూరం లెక్క

ఆరుబయట దూరం రెట్టింపయితే ధ్వని 6 డెసిబెల్స్ తగ్గుతుంది. దీపం వెలుగు దూరం పోయేకొద్దీ పలచబడినట్టే ఇదీను. పెట్టెకు 1 మీటరు దూరంలో 104 డెసిబెల్స్ వస్తే:

2 మీటర్ల వద్ద 98
4 మీటర్ల వద్ద 92
8 మీటర్ల వద్ద 86
16 మీటర్ల వద్ద 80

మన పిల్లల చివరి వరస 16 మీటర్ల దూరంలో ఉంది. పిల్లల గుసగుసలు, చెట్లమీది కాకులు, రోడ్డు మీది లారీలు కలిసి 60 డెసిబెల్స్ ఉంటాయనుకుందాం. పాట సగటున 70 డెసిబెల్స్ ఉంటే హాయిగా వినిపిస్తుంది. కాని సంగీతం ఒకే తీరున సాగదు. తీగను మీటిన క్షణంలో శబ్దం సగటు కన్న 10 డెసిబెల్స్ పైకి లేస్తుంది. ఆ క్షణానికి కూడా ఏంప్లిఫయరు తట్టుకోవాలి. కనుక చివరి వరసలో 80 కావాలి. అంటే పెట్టెకు మీటరు దూరంలో 104 రావాలి. 91 డెసిబెల్స్ స్పీకరు ఉంటే ఇంకా 13 కావాలి. 10 డెసిబెల్స్‌కు పదింతలు, మిగిలిన 3కు రెండింతలు. పది రెళ్ళు ఇరవై. చూశారా, 20 వాట్లు చాలు!

తట్టుకోలేకపోతే ఏమవుతుంది? తరంగం శిఖరాలు తెగిపోయి శబ్దం గరగరమంటుంది. రాక్ సంగీతంలో దీనిని కావాలనే వాడతారు. మన పాటకు మాత్రం ఇది చేటు.

బ్యాటరీ లెక్క

బ్యాటరీ మీద ‘10,000 మిల్లీఏంపియర్ అవర్లు’ అని చూసి మురిసిపోకండి. వోల్టులతో హెచ్చవేస్తేనే అసలు శక్తి తెలుస్తుంది.

10 ఏంపియర్-గంటలు × 3.7 వోల్టులు = 37 వాట్-గంటలు
7 ఏంపియర్-గంటలు × 12 వోల్టులు = 84 వాట్-గంటలు

అంకె చిన్నదైనా రెండో బ్యాటరీయే పెద్దదన్నమాట.

బ్యాటరీల్లో ముఖ్యంగా మూడు రకాలున్నాయి. మొదటివి గోడ గడియారాల్లో వాడే ఏ.ఏ. సెల్లుల వంటివి. 1973లో అమెరికాలో పిగ్‌నోజ్ అనే చిన్న గిటారు ఏంప్లిఫయరు వచ్చింది. దాని మీట పంది ముట్టెలా ఉండేది. ఆరు ఏ.ఏ. సెల్లులతో 5 వాట్లు ఇచ్చేది. ప్రయాణాల్లో వాయించుకునే గిటారిస్టులకు అది ఎంతో నచ్చింది. ఆల్కలైన్ సెల్లు ఒక్కొక్కటి సుమారు 3 వాట్-గంటలు దాచుకుంటుంది. ఎక్కువ కరెంటు లాగితే అంతకన్న తక్కువే ఇస్తుంది. ఏ పల్లెటూరి కొట్లోనైనా దొరకడం వీటి సుగుణం. మాటిమాటికీ కొనాల్సి రావడం దుర్గుణం. చదరపు 9 వోల్టుల బ్యాటరీలో 5 వాట్-గంటలు కూడా ఉండవు. అది అరచేతిలో ఇమిడే అర వాటు పెట్టెలకే సరి.

రెండోది సీలు చేసిన లెడ్-ఆసిడ్ బ్యాటరీ. చవక, మొండిది. కాని 84 వాట్-గంటలకు రెండు కిలోల పైన బరువు తూగుతుంది. దీనిని పూర్తిగా ఖాళీ చేస్తే త్వరగా పాడవుతుంది. సగం వరకే వాడుకోవడం మంచిది. మూడోది లిథియం-అయాన్ బ్యాటరీ. అంతే శక్తి అర కిలోలోపు సెల్లుల్లో ఇముడుతుంది. ధర ఎక్కువ, జాగ్రత్తా ఎక్కువే కావాలి.

మన 20 వాట్ల పెట్టె ఎల్లవేళలా 20 వాట్లు లాగదు. శిఖరాలు క్షణకాలమే కదా! లోపలి సర్క్యూట్ల ఖర్చుతో కలిపి సగటున 8 వాట్లు అనుకుందాం. కార్యక్రమం 2 గంటలు, ముందు రిహార్సలు 2 గంటలు. నాలుగెనిమిదులు 32 వాట్-గంటలు. బ్యాటరీ పాతబడితే కొంత తగ్గుతుంది కనుక 50 వాట్-గంటలకు తగ్గని లిథియం బ్యాటరీ, లేదా 84 వాట్-గంటల లెడ్-ఆసిడ్ బ్యాటరీ ఉండాలి.

గిటారుకు వేరే ద్వారం

మైకు కోసం చేసిన సాకెట్టులో గిటారును గుచ్చితే పలుకుతుంది కాని గొంతు మూసుకుపోయినట్టు ఉంటుంది. ఎందుకని? ఊట తక్కువున్న బావికి పెద్ద మోటారు బిగిస్తే ఏమవుతుంది? నిమిషంలో నీరు అడుగంటుతుంది. పికప్పు ఊట తక్కువున్న బావి. మైకు సాకెట్టు నిరోధం కొద్ది వేల ఓములే. అది ఎక్కువ కరెంటు లాగబోతుంది, వోల్టేజి పడిపోతుంది. పై స్థాయి స్వరాలు ముందు నష్టపోతాయి. గిటారు సాకెట్టుకు సుమారు 10 లక్షల ఓముల నిరోధం ఉంటుంది. అది మెల్లగా తోడుకునే చిన్న చేద వంటిది. పీజో పికప్పుకు ఇది మరీ అవసరం. కాకపోతే కొన్ని గిటార్ల లోపలే చిన్న ప్రీఏంప్లిఫయరు ఉంటుంది. వాటికి ఈ ఇబ్బంది లేదు.

మన పిల్లలకు గిటారుకొకటి, పాటకొకటి, రెండు రకాల సాకెట్లూ ఉన్న పెట్టె కావాలి.

ఎండ, దుమ్ము, చెవులు

పల్నాడు ఎండలు తెలియనివా? రెంటచింతల పేరు వేసవిలో పత్రికలకెక్కుతూనే ఉంటుంది. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జి చేయకూడదు. ఎండలో నిలిపిన కారులో వదిలేయకూడదు. ఉబ్బిన బ్యాటరీని మళ్ళీ వాడకూడదు. దానికిచ్చిన చార్జరునే వాడాలి. పిడుగురాళ్ళ చుట్టుపక్కల సున్నం బట్టీల దుమ్ము, పొలాల దుమ్ము స్పీకరులో చేరకుండా గుడ్డ కప్పి ఉంచండి.

పెట్టెకు చెవి ఆనించి వాయించకండి. 85 డెసిబెల్స్ ధ్వనిని రోజుకు 8 గంటలు భరించవచ్చని నిపుణుల అంచనా. 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ సమయం సగమవుతుంది. 100 డెసిబెల్స్ దగ్గర 15 నిమిషాలే! పోయిన వినికిడి తిరిగి రాదు.

దుకాణంలో పరీక్ష

1. మీ గిటారునే తీసుకువెళ్ళండి. కరెంటు తీగ ఊడదీసి, బ్యాటరీ మీదే వినండి.
2. గిటారు గుచ్చకముందు శబ్దం మీటను పైకి తిప్పండి. బుస ఎక్కువగా వస్తే వద్దనండి.
3. అన్నిటికన్న లావు తీగను గట్టిగా మీటండి. అది సెకనుకు 82 సార్లు కంపిస్తుంది. పెట్టె గడగడలాడకూడదు. మరీ చిన్న స్పీకరు ఈ స్వరాన్ని సరిగ్గా పలకలేదు.
4. మీటను మెల్లగా పెంచుతూ పోండి. ఎక్కడ గరగర మొదలవుతుందో అదే దాని అసలు బలం.
5. పది మీటర్ల దూరం నడిచి వెళ్ళి వినండి. దగ్గర బాగున్నదల్లా దూరానికి బాగుండదు.
6. బ్యాటరీని మార్చుకోవచ్చా అని అడగండి. అది పాడయిన రోజు పెట్టె మొత్తం పారేయవలసి రాకూడదు.
7. ఎత్తుకుని వంద అడుగులు నడవండి. మోయలేనిది ఇంట్లోనే ఉండిపోతుంది.

మరి ఏది కొనాలి?

అర వాటు పెట్టె ఇంట్లో సాధనకు చక్కగా సరిపోతుంది. 5 వాట్లది తరగతి గదికి సరి. రాజుపాలెం పిల్లలకు కావలసింది 20 వాట్ల ఆర్.ఎం.ఎస్., 91 డెసిబెల్స్‌కు తగ్గని స్పీకరు, రెండు సాకెట్లు, మార్చుకోదగిన బ్యాటరీ ఉన్న పెట్టె. దానిని నేల మీద కాక బెంచీ మీద, వినేవాళ్ళ చెవుల ఎత్తున పెట్టాలి. నేల మీద పెడితే ముందు వరస వాళ్ళే ధ్వనిని చాలావరకు మింగేస్తారు. మైకును స్పీకరుకు ఎదురుగా పెట్టకూడదు. స్పీకరు శబ్దం మైకులో దూరి, మళ్ళీ స్పీకరులోంచి వచ్చి కూతపెడుతుంది. డబ్బు చాలకపోతే వాట్లు తగ్గించుకున్నా నష్టం కొంచెమే. 20కి బదులు 10 వాట్లయితే పోయేది 3 డెసిబెల్సే. చివరి వరసను 16 మీటర్ల నుంచి 11 మీటర్లకు జరిపితే అవి తిరిగి వస్తాయి. దానికి పైసా ఖర్చు లేదు!

మీరే చేసి చూడండి

బడి ఆవరణలో ఒక రేడియోను బల్ల మీద పెట్టి మోగించండి. సెల్‌ఫోనులో ధ్వనిని కొలిచే యాప్ ఉంటే 1, 2, 4, 8 మీటర్ల వద్ద డెసిబెల్స్ రాసుకోండి. అడుగడుగుకూ 6 తగ్గుతున్నదా? తర్వాత అదే ప్రయోగం గదిలో చేయండి. అక్కడ ఎందుకు అంతగా తగ్గదో ఈ వ్యాసం మొదటి పేరాలోనే ఉంది. మీకు వచ్చిన అంకెలతో, మీ బడిలో చివరి వరసకు ఎన్ని వాట్లు కావాలో లెక్క కట్టండి. ఆ కాగితం చేతపట్టుకుని దుకాణానికి వెళ్ళండి.